ఏడో గడిలో గోడ

ధర్నా అంటే ఏమిటో మా విశ్వవిద్యాలయంలో మొట్టమొదట నిర్వచించినవాణ్ణి నేనే. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం లేదు. ఆ ఫైలు తీసి చూస్తే చిత్తుప్రతి కింద, ఎడమ పక్కన, నా పొడి సంతకం ఇప్పటికీ కనిపిస్తుంది. విద్యార్థి వ్యవహారాల సెక్షన్‌కు సూపరింటెండెంటుగా నేను చేసిన పనుల్లో జనం గుర్తుపెట్టుకున్నది అదొక్కటే. నన్ను తిట్టుకునేదీ దాని గురించే.

ఒక ఏడు కొందరు విద్యార్థులు రిజిస్ట్రారు గారి కారుకు అడ్డంగా కూర్చున్నారు. నాలుగు గంటల తర్వాత పోలీసులు వచ్చి ఇది ధర్నాయేనా అని అడిగితే, కాదండీ, కాళ్ళు నొప్పి పుట్టి కూర్చున్నాం అన్నారు. ధర్నా కాదని వాళ్ళే చెప్పాక పోలీసులు చేసేదేముంది, టీ తాగి వెళ్ళిపోయారు. రిజిస్ట్రారు ఆచార్య పట్టాభిరామయ్య గారు న్యాయశాస్త్రం చెప్పి పైకి వచ్చినవారు. ఆ నాలుగు గంటలూ కారులో ఆలోచించి, దిగగానే నన్ను పిలిపించి, నిర్వచనం లేని చోట పరిపాలన ఉండదని సెలవిచ్చారు. వారం తిరక్కుండా నేను రాసిపెట్టాను: "ఐదుగురు గానీ అంతకు మించి గానీ వ్యక్తులు, నేలపైన, ముప్పది నిమిషములకు తక్కువ కాకుండా, ఏ పనియు చేయక ఆసీనులై యుండినచో, అట్టి చర్యను ధర్నాగా పరిగణించవలెను." ఇందులో 'ఏ పనియు చేయక' అన్న ముక్క పూర్తిగా నా బుర్రలోది. అది లేకపోతే మెస్సు వెనక ఉల్లిగడ్డలు తరిగే ఆడవాళ్ళంతా రోజూ పొద్దునే ధర్నాకు దిగినట్టు లెక్క.

నిర్వచనంతో పాటు తొమ్మిది గడుల ఫారం ఒకటి తయారుచేశాను. ఏ ధర్నా జరిగినా దానికి ఒక నంబరు పడుతుంది. ఏడో గడిలో కోరికలు రాయాలి. ఎనిమిదో గడిలో వాటిని తీర్చిన తేదీ వేయాలి. అవి రెండూ నిండితే గానీ ధర్నా ముగిసినట్టు కాదు. ఇరవై ఒక్క రోజుల్లోపు ముగియకపోతే దానికి నాయకత్వం వహించిన విద్యార్థి ప్రవేశం రద్దవుతుంది. నాయకులు సాగదీస్తారని ఆ గడువు పెట్టాం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా దగ్గర అడిగినా పెట్టరు గానీ, అడిగినట్టు శుభ్రంగా రాసుకుంటారు. విద్యార్థి సంఘాల జేఏసీ కన్వీనరు మద్దిలేటి పద్నాలుగు కోరికలతో వచ్చేవాడు. పన్నెండు కొట్టేసి రెండింటికి హామీ ఇచ్చేవాళ్ళం. నిమ్మరసం తాగి లేచేవాడు. అరవై ధర్నాలు ఆ ఫారంలో హాయిగా ఇమిడిపోయాయి. అరవై ఒకటోది జెన్ ధ్యాన సంఘం వాళ్ళది.

ఈ సంఘం గురించి కొంత చెప్పాలి. మా ఎర్రనేలను పరీక్షించడానికి జపాను నుంచి ఒక మట్టి శాస్త్రవేత్త వచ్చి మూడు నెలలు ఉన్నాడు. మట్టిలో ఆయనకు కావలసింది దొరికినట్టు లేదు. ఊరికే ఉండలేక ఐదుగురు విద్యార్థులకు కూర్చోవడం నేర్పి, ఐదు నల్లటి దిండ్లూ ఒక చిన్న గంటా ఇచ్చి వెళ్ళిపోయాడు. వృక్షశాస్త్ర విభాగం వెనక ఒకప్పుడు విత్తనాలు దాచిన గది వాళ్ళకు దక్కింది. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఐదూ నలభై దాకా గోడకు ఎదురుగా, కళ్ళు సగం తెరిచి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవారు. ఏం చేస్తున్నారు నాయనా అని అడిగితే, ఏమీ చేయడం లేదండీ, కూర్చుంటున్నాం అనేవారు. విద్యార్థి సంఘాల జాబితాలో వాళ్ళది నలభై మూడో నంబరు, క్విజ్ సంఘానికీ పాముల సంరక్షణ సంఘానికీ మధ్య. రెండేళ్ళపాటు వాళ్ళ జోలికి ఎవరూ పోలేదు.

అప్పుడు మా భద్రతాధికారి ఓబులేసుకు కొత్త స్టాప్‌వాచ్ ఇచ్చారు. ఓబులేసు పటాలంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. చేతికి ఏది ఇచ్చినా దానితో పని చేసి చూపించకపోతే అతనికి నిద్ర పట్టదు. నేను రిజిస్ట్రారు గారి ముందు ఫైళ్ళు పెట్టుకుని నిలబడి ఉండగా లోపలికి వచ్చి సెల్యూట్ కొట్టాడు.

"విత్తనాల గదిలో ఐదు మంది నేల మీద కూర్చోనుండారు సార్. ముప్పై ఎనిమిది నిమిషాలు జూసినా. ఒకరన్నా కదల్లేదు."

నినాదాలు ఏమిటని రిజిస్ట్రారు గారు అడిగారు. నినాదాల్లేవు. బ్యానరు? అదీ లేదు. మరి ఏం చేస్తున్నారయ్యా అన్నారు.

"గోడ పక్కకు జూస్తాండారు సార్."

రిజిస్ట్రారు గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అరిచేవాడు అలిసిపోయి ఇంటికి పోతాడు, అరవనివాడితోనే ప్రమాదం అన్నది ఆయన ముప్పై ఏళ్ళ అనుభవం. నంబరు వేయమన్నారు. వేశాను. కోరికలను మూడు రోజుల్లోగా లిఖితపూర్వకముగా సమర్పించవలెనని సంఘం కన్వీనరుకు నోటీసు పంపాను.

కన్వీనరు పేరు చౌడేశ్వరి. వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద ఆరేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆమె గైడు మూడో అధ్యాయాన్ని ఏడుసార్లు తిప్పి పంపాడు. ఆయన పద్ధతేమిటంటే, పోయినసారి తానే దిద్దించినదాన్ని ఈసారి తప్పు కింద గుర్తుపెడతాడు. వచ్చే నెల ఆఖరులోగా సిద్ధాంత గ్రంథం సమర్పించకపోతే ఆమె రిజిస్ట్రేషనే చెల్లదు. అలాంటి పిల్లకు ఇరవై ఒక్క రోజుల గడువుతో మేం నోటీసు ఇచ్చాం. ప్రవేశం రద్దయితే ఆరేళ్ళ పనీ చిత్తుకాగితాల కిందికి పోతుంది. ఈ సంగతి నాకు నోటీసు మీద సంతకం పెట్టించేటప్పుడు తెలియదు. తెలిసినా పెట్టించేవాణ్ణేమో.

ఆమె వచ్చి, మాకు కోరికలేమీ లేవండీ అని నెమ్మదిగా చెప్పింది. రిజిస్ట్రారు గారు ఆమెకు దారులు చూపించాలనే చూశారు. ఐదుగురు కాకుండా నలుగురే కూర్చుంటే ధర్నా కాదు. కానీ ఐదుగురి కన్నా తక్కువ మంది పాల్గొనే సంఘానికి గుర్తింపు ఉండదు. అరగంట లోపు లేచిపోతే ధర్నా కాదు. కానీ సంఘం కార్యక్రమం నలభై నిమిషాలకు తగ్గకూడదు. కుర్చీల మీద కూర్చుంటే ధర్నా కాదు. కానీ కుర్చీలు కావాలని రాస్తే అది కోరిక అవుతుంది, కోరిక ఉన్నాక అది ధర్నాయే. ఈ నిబంధనలన్నీ వేరువేరు సంవత్సరాల్లో వేరువేరు మంచి ఉద్దేశాలతో నేనే రాశాను. అవి అన్నీ ఒక గదిలో కలుసుకోవడం అదే మొదటిసారి.

బయటికి వచ్చాక ఆమె నా బల్ల దగ్గర ఆగింది.

"రోజంతా ఎవురో ఒకరు ఏదో ఒకటి దిద్దుతానే ఉంటారు సార్. ఆ నలభై నిమిషాలు ఒక్కటే ఎవురూ ఏమీ అనరు. అది గూడా లేకుంటే నాకు మతి పోతాది. మేము మిమ్మల్ని ఏమీ అడగలేదు గదా."

"అదే కదమ్మా మీరు చేసిన తప్పు" అన్నాను. ఆ మాట నేను హాస్యానికి అనలేదు.

మూడు రోజులు గడిచినా ఏడో గడి ఖాళీగానే ఉండడంతో రాజీ సంఘం ఏర్పడింది. రిజిస్ట్రారు గారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని. సాయంత్రం విత్తనాల గదికి వెళ్ళేసరికి ఐదుగురూ అప్పటికే కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనక కుర్చీలు వేయించుకుని మేం కూర్చున్నాం. వాళ్ళు ఏం కోరుతున్నారో చెప్పరు కాబట్టి, మేం ఇవ్వగలిగినవి ఒక్కొక్కటే చదివి, దేనికి చలిస్తారో చూడాలని నిర్ణయం. హాస్టలు స్నానాల గదులకు తలుపులు అని చదివాను. చలనం లేదు. గ్రంథాలయం రాత్రి తొమ్మిది దాకా అన్నాను. ఐదు వీపులూ అలాగే ఉన్నాయి. మజ్జిగలో నీళ్ళు తగ్గించుట అన్నప్పుడు ఎడమ చివరి అబ్బాయి తుమ్మాడు. దాన్ని సానుకూల స్పందనగా నమోదు చేశాను. ఆ వారం నుంచి హాస్టల్లో మజ్జిగ కవ్వానికి అంటుకునేంత చిక్కగా వచ్చింది. అందుకు పిల్లలు ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక వంటవాడికి పెట్టారు.

ఇంతలో గంట మోగింది. ఐదుగురూ లేచి, చేతులు గుండెల మీద కట్టుకుని, ఒకరి వెనక ఒకరు వరండాలోకి నడిచారు. అది కూడా వాళ్ళ సాధనలో భాగమేనట. ఒక ఊపిరికి అర అడుగు. ఓబులేసు దాన్ని అనుమతి లేని ర్యాలీ కింద రాసుకుని, బందోబస్తుగా వెంట నడిచాడు. ఇరవై గజాల వరండా దాటడానికి పావుగంట పట్టింది. మర్నాడు మోకాళ్ళ నొప్పులని అతను సెలవు పెట్టాడు.

ఎక్కడ ధర్నా ఉంటే అక్కడ మద్దిలేటి ఉండాలి కదా. ఆరో రోజున వచ్చాడు. కోరికలేమిటని చౌడేశ్వరిని అడిగాడు. లేవంది. అతను మా సెక్షన్‌కు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆరేళ్ళ రాజకీయంలో అంత నిగ్రహం ఎక్కడా చూడలేదట.

"మేమైతే టీ తాగేలోపల నాలుగు డిమాండ్లు బయట పెట్టేస్తాం సార్. ఆ యమ్మ ఒక్కటి గూడా నోట్లోంచి రానీలేదు. లీడరంటే ఆ యమ్మ."

అభిమానం పట్టలేక విత్తనాల గది ముందు షామియానా వేయించి, వాళ్ళ మౌనానికి మద్దతుగా మైకు పెట్టాడు. ఐదు గంటలకు లోపల వాళ్ళు కూర్చోగానే బయట పాటలు మొదలయ్యేవి. కనీసం సౌండు తగ్గించమని చౌడేశ్వరి వెళ్ళి బతిమాలితే, మీరు మొహమాటపడద్దక్కా, ఇది మా బాధ్యత అన్నాడు.

రోజులు పద్దెనిమిదికి వచ్చాయి. ఇంకా మూడే మిగిలాయి. ఆమె ప్రవేశం రద్దు ఉత్తర్వు నా బల్ల మీదే టైపై సిద్ధంగా ఉంది. నియమం ఒకరిని తొక్కుకుంటూ పోతుంటే చూడ్డం నాకు కొత్త కాదు. కానీ ఈసారి నలిగేది ఏ పాపమూ ఎరగని పిల్ల, తొక్కేది నా చేతిరాత. ఎలాగైనా ఆ గడి నింపాలనుకున్నాను.

మొదట 'ఏమీ వద్దు' అని రాసి పైకి పంపాను. రిజిస్ట్రారు గారు ఎర్ర సిరాతో తిప్పి పంపారు: "ఏమీ వద్దనుట కోరిక కాదు, కోరిక యొక్క అభావము. అభావమును ఏ తేదీన తీర్చితిమని ఎనిమిదవ గడిలో వ్రాయగలము?" న్యాయంగా ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

దాంతో ఫారం తీసుకుని నేనే చౌడేశ్వరి దగ్గరికి వెళ్ళాను. ఒక్క మాట చాలమ్మా, ఏదో ఒకటి, ఫ్యాను అను, మంచినీళ్ళు అను అన్నాను. తనది కానిదాన్ని తన కోరికని ఎట్లా రాసేదని ఆమె ఒప్పుకోలేదు. అబద్ధానికి ఇష్టపడని మనిషితో ఫారం నింపించడమంత కష్టం మరొకటి లేదు. చివరికి విసుగొచ్చి, నలభై నిమిషాలూ అసలు మీరు చూసేదేమిటమ్మా అని అడిగాను.

"గోడ సార్."

"గోడ మీద ఏముంది?"

"ఏమీ లేదు సార్. గోడే."

ఏడో గడిలో 'గోడ' అని రాశాను. అది అబద్ధం కాదు. దానివల్ల ఎవరికీ నష్టమూ లేదు. ఉన్న గోడే కాబట్టి తీర్చిన తేదీ కూడా ఇవాళే వేసుకోవచ్చు. ఆమె ఒకటికి రెండుసార్లు చదువుకుని, ఇది నిజమే కదా అని సంతకం పెట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ పూట రెండు కప్పుల కాఫీ తాగాను.

ఫైలు చూసి రిజిస్ట్రారు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఎంత అంధులమయ్యా మనం! పద్దెనిమిది రోజులుగా ఐదుగురూ వేలు పెట్టి చూపిస్తున్నట్టు గోడకేసే చూస్తూ ఉంటే, మనం మజ్జిగ చిక్కబరిచాం."

గోడ కోరిక ఎందుకవుతుందండీ అని నేను నసిగాను. కోరిక ఏడో గడిలో ఉందా లేదా అన్నారు. ఉంది. సదరు కోరిక గోడకు సంబంధించినదా కాదా అన్నారు. సంబంధించినదే. అయితే గోడలో ఏదో లోపం ఉండి తీరాలి, లేకపోతే ఎవరైనా గోడను అన్ని రోజులు అట్లా చూస్తారా అన్నారు.

ఇంజినీరింగు విభాగం వాళ్ళు వచ్చి కొలిచారు. తొమ్మిది అంగుళాల మందం, పద్నాలుగు అడుగుల పొడవు, దృఢముగా ఉన్నది, అయినను విద్యార్థుల దృష్టిలో అభ్యంతరకరము అని నివేదిక ఇచ్చారు. పంతొమ్మిదో రోజు సున్నం కొట్టించాం. సాయంత్రం ఐదుగురూ సున్నం వాసనలో కూర్చుని దాన్నే చూశారు. ఇరవయ్యో రోజు లేత నీలం రంగు వేయించాం. అప్పుడూ చూశారు. ఇరవై ఒకటో రోజు పొద్దున గోడ పడగొట్టించాం. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఏ పాపమూ ఎరగని గోడ మీద పడింది మా పరిష్కారం.

గోడ కూలిన చోట పిల్లల ముందు ఇప్పుడు పాముల సంరక్షణ సంఘం వాళ్ళ కట్టెల కుప్ప కనబడుతోంది. ఆ కుప్పకు ఎదురుగానే ఐదుగురూ కూర్చున్నారు. ఉపకులపతి గారు స్వయంగా నిమ్మరసంతో వచ్చారు. గంట మోగేవరకూ వాళ్ళు తల తిప్పరని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఫొటో కోసం గ్లాసు పట్టుకుని వంగిన మనిషి పది నిమిషాలు అలాగే వంగి ఉన్నారు. గంట మోగింది. చౌడేశ్వరి తిరిగి చూసి, పెద్దాయన చెయ్యి వణుకుతోందని జాలిపడి గ్లాసు అందుకుంది. మద్దిలేటి బయట టపాసులు కాల్చాడు. నేను ఎనిమిదో గడిలో తేదీ వేశాను. రద్దు ఉత్తర్వు చించేశాను. ఆ క్షణంలో నాకు కలిగినంత సంతోషం నా కూతురు పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

మర్నాడు సాయంత్రం వాళ్ళు తూర్పు గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

కూర్చోక ఏం చేస్తారు? ఉన్న గోడలు మూడే కదా. ఓబులేసు వచ్చి చెప్పాడు. రిజిస్ట్రారు గారు కోరిక విస్తరించినదన్నారు. అరవై రెండో నంబరు పడింది. ఏడో గడిలో ఏం రాయాలో ఈసారి ఎవరినీ అడిగే పని లేదు, పూర్వ దృష్టాంతం ఉంది. తూర్పు గోడ అదే రోజు పోయింది. అరవై మూడులో పడమటి గోడ పోయింది. తలుపు దానికే ఉంది కాబట్టి తలుపూ పోయింది. ఈలోపు చౌడేశ్వరి రెండుసార్లు రిజిస్ట్రారు గారి దగ్గరికి వెళ్ళి, మాకు గోడ వద్దని కాదండీ, గోడ ఉండాలనే అని చెప్పి చూసింది. ఆయన ఓపికగా విన్నారు. తొలగించమన్న గోడను తిరిగి కావాలనడం పూర్తిగా భిన్నమైన కోరిక, దానికి వేరే ధర్నా చేయవలసి ఉంటుంది అన్నారు. శనివారానికి నాలుగో గోడ కూడా నేలమట్టమైంది. నాలుగు స్తంభాల మీద కప్పు ఒకటి మిగిలింది. విద్యార్థుల ఆకాంక్షల మేరకు గోడలు తొలగించబడిన స్థలము అని అక్కడ ఒక రాతిపలక వేయించాం. మద్దిలేటి ఆ కప్పు కింద టీ కొట్టు పెట్టించాడు. గది లేని సంఘానికి గుర్తింపు ఉండదన్న నిబంధన ప్రకారం నలభై మూడో నంబరు కొట్టివేశాను.

సోమవారం చౌడేశ్వరి నా బల్ల దగ్గరికి వచ్చింది. చంకలో నల్ల దిండు ఉంది. సంఘం సామాను అప్పగించమని మేమే రాశాం కాబట్టి తెచ్చింది. కోప్పడుతుందేమోనని నేను ముందే మాటలు సిద్ధం చేసుకున్నాను. మూడో అధ్యాయం ఎనిమిదోసారి తిరిగొచ్చిందని మాత్రం చెప్పింది. ఆఖరు తేదీకి ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయట. రసీదు మీద సంతకం పెట్టబోయింది. చౌడేశ్వరి అన్న పేరులో సగం రాసి ఆగిపోయి, కాసేపు కాగితాన్నే చూసి, మిగతా సగం రాసింది.

నాకు సిగ్గేసింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మంచి కోసం నేను రాసిన ఆ ఒక్క మాటతో ఆమెకున్న నాలుగు గోడలూ కూలాయి. ఇన్నేళ్ళ నా నౌకరీలో నేను రాసిన మాటకు అంత బలం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. దిండు వెనక్కి ఇచ్చేశాను.

"రేపు పదకొండున్నరకు మీ నలుగుర్నీ తీసుకుని ఇక్కడికి రా తల్లీ. రికార్డు అరల వెనక కొంచెం జాగా ఉంది. మంచి గోడ."

మర్నాడు వచ్చారు. చెప్పులు విప్పి, దిండ్లు వేసుకుని, అరల సందున గోడకు ఎదురుగా కూర్చున్నారు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని నేను రెండు మూడు కథలు అల్లి పెట్టుకున్నాను. ఒక్కటీ అక్కరకు రాలేదు. మా సెక్షన్‌లో ఐదుగురు కొత్తవాళ్ళు ఒకచోట కూర్చుని నలభై నిమిషాలు ఏమీ చేయకుండా ఉంటే, పక్కనున్నవాళ్ళు తలెత్తి చూడనైనా లేదు. ఒక గుమస్తా వాళ్ళలో ఒకబ్బాయి మీదుగా చెయ్యి చాచి ఫైలు తీసుకుని, కాస్త జరుగు నాయనా అని కూడా అనకుండా వెళ్ళిపోయాడు. రెండో వారానికి టైపు మిషను దగ్గరి ఆవిడ ఆ నలభై నిమిషాలూ టైపు చేయడం తనంతట తనే మానేసింది. అంతకుముందు ఎంత చేసేదో అడగకండి.

చౌడేశ్వరి మొహం తేటపడింది. ఒకరోజు లేచి వెళ్తూ, ఏడోసారి ఇచ్చిన ప్రతినే తీసి, కొత్త తేదీ వేసి తొమ్మిదోసారి ఇచ్చిందట, గైడు బాగుందన్నాడని చెప్పింది. గ్రంథం కుట్టించడానికి ఇచ్చానని, గురువారం సమర్పిస్తానని అంది.

ఆ మంగళవారం ఉపకులపతి గారు ఆకస్మిక తనిఖీకి వచ్చారు.

టైము పదకొండూ నలభై. వెనక రిజిస్ట్రారు గారు, వారి వెనక హాజరు పుస్తకం పట్టుకుని ఓబులేసు. మావాళ్ళు లేచి నిలబడ్డారు. కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరిదో టీ గ్లాసు ఒలికింది. అరల వెనక ఐదు వీపులు మాత్రం కదల్లేదు. ఇప్పుడు గనక అరవై ఐదో నంబరు పడితే గురువారం ఆమె గ్రంథం ఎవరూ తీసుకోరు. విచారణ ముగిసేసరికి గడువు దాటిపోతుంది.

ఉపకులపతి గారు అరల దాకా నడిచి ఆగారు. నేల మీద కూర్చున్నారేమిటని అడిగారు. ఫైళ్ళు కింది అరలో ఉన్నాయండీ అన్నాను. ఆయన చాలాసేపు చూశారు. పెద్దాయన వచ్చాడని తలైనా తిప్పని మనుషులను ఆయన ఆ పదవిలోకి వచ్చాక చూసి ఉండరు. చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని, మా అందరివైపూ తిరిగి, గొంతు తగ్గించారు.

"పలకరించి వాళ్ళ పని పాడుచేయకండి. పని అంటే ఇదీ."

రిజిస్ట్రారు గారు మాత్రం కదల్లేదు. కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కొక్క వీపునూ పరీక్షగా చూస్తున్నారు. పాపం, ఆయన ఆ ఐదుగురినీ కలిపి ఎప్పుడు చూసినా వెనకనుంచే చూశారు. "వెంకోబరావు గారూ, వీరిని నేను ఎక్కడో..." అని నసిగారు. పాత సిబ్బందేనండీ అన్నాను. ఆయన ఓబులేసు వైపు తిరిగి, హాజరు సరిచూడమన్నారు.

ఓబులేసు ముందుకు వచ్చాడు. ఆ ఐదుగురినీ స్టాప్‌వాచ్‌తో పట్టింది అతనే, వరండాలో అర అడుగు చొప్పున వాళ్ళ వెనక నడిచిందీ అతనే. చౌడేశ్వరి వీపు వైపు చూశాడు. నా వైపు చూశాడు. స్టాప్‌వాచ్ జేబులోంచి తీసి, దాని వైపూ చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పుస్తకం తెరిచి, వేలు చూపిస్తూ వరసగా లెక్కపెట్టుకుంటూ పోయాడు. మా సెక్షన్ బలం పదమూడు. ఆ రోజు వచ్చినవాళ్ళం ఎనిమిది మందిమి.

"పదమూడుకి పదమూడు, సార్. అందురూ పనిలో ఉండారు."

ఇరవై తొమ్మిదేళ్ళ నా సర్వీసులో మా సెక్షన్‌కు పూర్తి హాజరు పడింది ఆ ఒక్క రోజే.